బాల్కనీ గదిలో తువ్వాల

లింబాద్రి భుజం మీది తువ్వాలకు ఓడలో పదకొండో అంతస్తున బాల్కనీ గది వచ్చింది. లింబాద్రికీ ఆయన భార్య గంగామణికీ మాత్రం, కట్టిన డబ్బుకు తగ్గట్టు, మూడో అంతస్తున కిటికీ లేని లోపలి గదే ఉంది. 'రత్నమాల' అనే ఆ ఓడ విశాఖ రేవు వదిలిన అరగంటకు ప్రయాణికుల జాబితా ఖాయమైంది. అందులో 1107 నంబరు గది ఎదురుగా ఇలా రాశారు: పేరు తువ్వాల, ఊరు ఆర్మూర్, ఒంటి రంగు ఎరుపు గళ్లు, వెంట వచ్చినవారు ఇద్దరు.

ఇందులో ఓడవాళ్లను అనడానికి ఏమీ లేదు. లింబాద్రి ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఓడెక్కి, సంచులు గదిలో పడేసి, అంతస్తులన్నీ ఓసారి చూసొద్దామని బయల్దేరాడు. పదకొండో అంతస్తులో శుభ్రం చేసేవాళ్లు ఒక గది తలుపు బార్లా తెరిచి పెట్టి వెళ్లారు. లోపల మంచం, మంచం అవతల గాజు తలుపు, దాని అవతల బాల్కనీలో రెండు కుర్చీలు, కుర్చీల ముందు సముద్రం. ఎవరూ లేరు. ఖాళీ సీటు కనబడితే బస్సు ఎరిగిన చెయ్యి ఊరుకుంటుందా? తువ్వాల భుజం మీంచి దిగి ఒక కుర్చీలో వాలింది. సీటు అయిందనుకుని ఆయన భార్యను పిలుచుకు రావడానికి కిందికి పోయాడు. లిఫ్టు దొరికి, గంగామణి చెప్పులు దొరికి, మళ్లీ లిఫ్టు దొరికి పైకొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి ఓడ నిచ్చెన ఎత్తేశారు, 1107 తలుపు మూసేశారు, తలుపు మీద చిన్న పలక తగిలించారు. ప్రయాణికులు విశ్రాంతిలో ఉన్నారని దాని మీద రాసి ఉంది.

ఓడ నియమావళి నలభై ఒకటో క్లాజు ప్రకారం, అమ్ముడుపోని గదిలో నిచ్చెన ఎత్తే సమయానికి ఎవరు ఆసీనులై ఉంటే ఆ గది వారికే చెందుతుంది. 'ఎవరు' అంటే మనుషులేనని ఆ క్లాజులో ఎక్కడా రాయలేదు. రాయనిదాన్ని రాసినట్టు చదవడం గుమస్తాల పని కాదు.

నిజానికి ఈ ప్రయాణం గంగామణిది. నెలనెలా బీడీలు చుట్టిన డబ్బులోంచి ఆమె కట్టిన చిట్టీ ఎత్తితే వచ్చిన సొమ్ము ఇది. ఆ సొమ్ముతో బంగారం కొందామని కూతురంటే, ఇంటి మీద రేకులు మారుద్దామని లింబాద్రి అన్నాడు. గంగామణి రెండూ వద్దంది.

"ముప్పై ఏండ్లు ఒళ్లె బీడీల చాట వెట్టుకోని, తలకాయ కిందికేసుకోని కూసున్న. ఒక్క పొద్దుగాల మంచిగ కూసొని, సముద్రంలకెళ్లి పొద్దు పొడుసుడు చూడాలె. గంతే," అంది.

అడిగింది పెద్ద కోరికేమీ కాదు. నిజామాబాదులో టికెట్ల ఏజెంటు ఓడ బొమ్మను బల్ల మీద పరిచి, ఏ గది కావాలో వేలు పెట్టమన్నాడు. కిటికీ గదులు, బాల్కనీ గదులు, మెట్ల పక్క గదులు, వంటగది మీది గదులు, ఒక్కోదానికి ఒక్కో రంగు. అనుభవం ఉన్నవాడికి బొమ్మతో పనేముంది? లింబాద్రి ఒక్క చూపులో తేల్చేశాడు.

"ముందలికొద్దు, ఎనుకకొద్దు. ఎనుక చక్రం మీద సీటైతె నడుము ఇరుగుతది. నడుమ, కింద, లోపటి దిక్కు ఏయి. కిటికి పక్కకైతె వాన జల్లు కొడ్తది."

"ఓడల సంగతి మీకు బాగ ఎర్క సార్," అని ఏజెంటు మెచ్చుకుని, అన్నింటికంటే చవకైన గది రాసిచ్చాడు. కిటికీ ఉంటుందా అని గంగామణి రెండుసార్లు అడిగింది. "ఎక్కినంక మంచి సీటు చూసి తువ్వాల ఏస్త. నేనుండంగ నీకేం ఫికరు?" అన్నాడు లింబాద్రి. మాట తప్పాడని ఎవరూ అనలేరు, పాపం. మంచి సీటే చూశాడు, తువ్వాల వేశాడు.

ఓడ నాలుగు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్లీ విశాఖకే వస్తుంది. అంటే నాలుగు సూర్యోదయాలు. మొదటి రోజు తెల్లారకముందే ఇద్దరూ పన్నెండో అంతస్తు మీది బహిరంగ స్థలానికి వెళ్లారు. అక్కడ తూర్పు ముఖంగా రెండు వందల పడక కుర్చీలున్నాయి. రెండు వందల కుర్చీల మీదా రెండు వందల తెల్ల తువ్వాళ్లు పడుకుని ఉన్నాయి. వాటిని వేసినవాళ్లు కింద గదుల్లో నిద్రపోతున్నారు. కమ్మీ పట్టుకుని నిలబడి చూసే చోటికి విడిగా టికెట్టుంది, అవి ముందురోజే అయిపోయాయి.

గంగామణి ఒక కుర్చీ దగ్గర ఆగింది. "గీ ఒక్కటి తీసి పక్కకు వెట్టరాదు. ఎవలున్నరు చూసేటోళ్లు?"

లింబాద్రి నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు. "తువ్వాల ఏసిన సీటే అది. ముట్టద్దు."

"మనిషి లేడు గదనయ్యా."

"మనిషి ఉంటేంది, లేకుంటేంది? సీటైతె అయింది."

గంగామణి కుర్చీని వదిలి గోడ పక్కకు వెళ్లి నిలబడింది. సూర్యుడు ఓడ పొగగొట్టం అవతల ఎక్కడో పైకి లేచాడు. గోడ మీద కాసేపు ఎర్రటి వెలుగు పడింది. తువ్వాళ్లు మాత్రం కదలకుండా మొత్తం చూశాయి.

టిఫిను ముగించుకుని వాళ్లు ప్రయాణికుల సహాయ కేంద్రానికి వెళ్లారు. అక్కడ కూర్చున్న అధికారి పేరు నీరజ. చాలా మర్యాదస్తురాలు. లింబాద్రి చెప్పిందంతా విని, కంప్యూటరులో 1107 తెరిచి చూసింది.

"తువ్వాలగారు నిన్న సాయంత్రం నుంచి ప్రశాంతంగా ఉన్నారు సార్. ఫిర్యాదులేమీ లేవు. మీకు వారితో ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బంది కాదమ్మా. అది నా తువ్వాల. నేనే ఏసిన. అందుకని ఆ గది నాకు రావాలె."

నీరజ ఆలోచించింది. "ఇలాంటి విషయాల్లో అనుభవం ఉన్నవారి అభిప్రాయం తీసుకోవాలని నిబంధన ఉంది సార్. మీరు ఆర్టీసీలో చేశామన్నారు. సీటు మీద తువ్వాల వేసి మనిషి రాకపోతే, ఆ సీటు ఖాళీ కింద లెక్కా?"

ఆ ప్రశ్న ఇంకెవరిని అడిగినా తప్పించుకునేవారు. కానీ అడిగింది లింబాద్రిని. ఆయన సర్వీసు మొత్తంలో వేల తగాదాలు తీర్చింది ఈ ఒక్క విషయం మీదే. వెన్ను నిటారైంది, గొంతు డిపోలో ఉన్నంత పెద్దదైంది.

"ఖాళీ ఎట్లయితది? తువ్వాల ఉన్నదంటె మనిషి కూసున్నట్టే. ఒకపారి ఆర్మూర్‌ల ఎవలో కిటికిలకెళ్లి సీట్ల దస్తీ ఏసి, మళ్ల రాలే. బండి నిండిపోయింది. అందరు అడిగిన్రు, తీయరాదు తీయరాదు అని. తియ్యలే! నిర్మల్ దాక ఆ దస్తీని సీట్లనే తీసుకపోయిన. మంది నిలవడ్డరు, దస్తీ కూసున్నది. ఇన్‌స్పెక్టర్ సుత మెచ్చుకున్నడు."

"అంటే దస్తీ ప్రయాణించింది."

"ప్రయాణించింది."

నీరజ ఆ మాటలన్నీ టైపు చేసింది. పక్క కుర్చీలో ఉన్న గంగామణి అప్పుడు నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"గా బండ్ల నిలవడ్డది నేనే బిడ్డా. ఎనిమిదో నెల నాకు. తల్లిగారింటికి పోతున్న. సోన్ బ్రిడ్జి కాడ కండ్లు తిరిగినయి. రాడ్ వట్టుకోని నిలవడ్డ. టికెట్ సుత కొట్టిండు నాకు."

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కథను లింబాద్రి పది మందిలో గొప్పగా చెప్పుకుంటూ వచ్చాడు. అందులో గంగామణి ఉన్నట్టు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఇన్నేళ్లకు వేయడం మాత్రం కొంచెం ఆలస్యమే.

"ఆ వివరం కూడా వాంగ్మూలంలో చేర్చమంటారా మేడం?" అని నీరజ అడిగింది.

"వద్దు బిడ్డా. రాసి ఏం చేస్తవు."

కాగితం అచ్చై బయటికొచ్చింది. లింబాద్రి సంతకం పెట్టాడు. తువ్వాల ఆసీనమైన సీటు తువ్వాలదేనని ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో ఆయన ధ్రువీకరించినట్టూ, దాంతో 1107 వివాదం తువ్వాల పక్షాన ముగిసినట్టూ అందులో ఉంది. ఆయన సేవకు ఓడ తరఫున ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. తువ్వాలకు సంతకం చేసే చెయ్యి లేదు కనుక దాని ఖర్చులకు సంరక్షకుడిగా ఇంకో సంతకం తీసుకున్నారు.

మరి తువ్వాల ఖర్చులు తక్కువేమీ కావు. బాల్కనీ గదివారికి గాలి విడిగా, ఉప్పు లేని గాలి ఇంకా విడిగా. తెల్లవారుజామున సముద్రపు జల్లుకు అది తడిసింది కాబట్టి పానీయం పుచ్చుకున్నట్టు రాసుకున్నారు. మధ్యాహ్నం ఎండకు ఆరింది కాబట్టి ఆవిరిస్నానశాలకు వెళ్లొచ్చినట్టు రాసుకున్నారు. రాత్రి కెప్టెన్ విందుకు బాల్కనీ గదుల వాళ్లందరినీ పిలిచినప్పుడు దాన్ని ఒక పళ్లెంలో పెట్టి తీసుకెళ్లి కెప్టెన్ కుడి పక్కన కూర్చోబెట్టారు. ఆ ఫొటోను మెట్ల దగ్గర బోర్డు మీద అమ్మకానికి పెట్టారు. గంగామణి చాలాసేపు చూసి, "మనింట్ల ఎవలు గింత పెద్ద కుర్చిల కూసోలే," అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు, కొంచెం గర్వం కూడా ఉంది. ఫొటో కొనుక్కున్నారు. టికెట్టు వెనక చిల్లర రాసిచ్చి జీవితమంతా గడిపిన మనిషికి, ఓడలో ఖర్చులు రాసుకునే తన కార్డు వెనక అంకెలు పెరుగుతుండటం పెద్ద వింతగా తోచలేదు.

వీటన్నిటి మీదా టిప్పు ఉంది. ఈ ఓడలో టిప్పు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లిచ్చేది కాదు. తలకింతని రోజూ దానంతట అదే కోతపడుతుంది. తువ్వాలకు తల లేదని లింబాద్రి వాదించబోతే, తలగడ ఇచ్చారు కదా అన్నారు. టిప్పు వద్దనుకునేవాళ్లు ఫారం నింపవచ్చు. ఫారానికి రుసుముంది, ఫారం అందించిన ఉద్యోగికి టిప్పుంది.

గది చూసుకునే ఆయన పేరు అప్పలకొండ. భీమిలి మనిషి, యాభై దాటాయి, ఇరవై ఏళ్లుగా ఓడల్లో పక్కబట్టలు మారుస్తున్నాడు. మూడో అంతస్తులో ఆరు గదులు, పదకొండులో ఆరు గదులు ఆయనవి. రెండో రోజు లింబాద్రి పది రూపాయల నోటు మడిచి అప్పలకొండ చేతిలో పెట్టబోతే ఆయన వెనక్కిచ్చేశాడు.

"సేతిలో ఎడితే నా ఉజ్జోగం పోద్ది బాబూ. టిప్పు పుచ్చుకునేది ఓడ. దణ్నం ఎట్టేది నాను. ఎవుల పని ఆలది."

రెండో సూర్యోదయానికి లింబాద్రి ఇంకో దారి పట్టాడు. తువ్వాలను చూడటానికి అతిథులుగా వస్తామని దరఖాస్తు పెట్టాడు. భార్యాభర్తలిద్దరి పేర్లూ రాశాడు, సందర్శన కారణం దగ్గర 'పొద్దుపొడుపు' అని రాశాడు. దరఖాస్తును పళ్లెంలో పెట్టి తువ్వాల ముందు ఉంచారు. అది ఏమీ అనలేదు. ఓడ నియమాల్లో ఖర్చుల విషయంలో మౌనం అంగీకారం. సందర్శకుల విషయంలో మౌనం నిరాకరణ. దరఖాస్తు తిరిగొచ్చింది. తెల్లారేసరికి వాళ్లు తమ గదిలోనే ఉన్నారు. గోడకున్న టీవీలో సముద్రం కనిపించింది, సూర్యుడు రావడానికి ఐదు నిమిషాల ముందు తెర నల్లబడి, మిగతాది చూడాలంటే అదనపు రుసుము కట్టాలని అక్షరాలు వచ్చాయి.

గంగామణి మంచం మీద కాళ్లు మడిచి చక్లంముక్లం వేసుకుని కూర్చుని ఆ అక్షరాలనే చూసింది. ఆమె ఏడిస్తే బాగుండునని లింబాద్రికి అనిపించింది. ఏడవలేదు. ముప్పై ఏళ్లు చాట చూసిన చూపుతోనే ఆ నల్ల తెరను చూసింది. అది ఆయన తట్టుకోలేకపోయాడు.

"నిర్మల్ బండ్ల నిన్ను నిలవెట్టిన. తప్పే," అన్నాడు.

"ఇప్పుడు యాదికొచ్చిందా?"

"రోజు యాదికొస్తది. చెప్పస్తలేదు గంతే."

మూడో రోజు సముద్రం మీద మబ్బు కమ్మి సూర్యుడు ఎవరికీ కనిపించలేదు. బాల్కనీ గదివాళ్లకు క్షమాపణ కింద ఒక పండ్ల బుట్ట పంపారు. తువ్వాల తినలేదు కాబట్టి అది సంరక్షకుడికి వచ్చింది. దాన్ని మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిన అప్పలకొండ గది గుమ్మంలో ఆగిపోయాడు. ఆయనకు ఒక చిక్కు వచ్చి పడింది.

ఓడలో ఒక ఆచారం ఉంది. రోజూ సాయంత్రం గది సర్దేవాళ్లు తెల్ల తువ్వాళ్లను మడిచి హంసలా, ఏనుగులా చేసి మంచం మీద పెడతారు. ప్రయాణికులు వచ్చి చూసి సంబరపడతారు. లింబాద్రి గదిలో మొదటి రోజు హంస, రెండో రోజు ఏనుగు వచ్చాయి. అలవాటు కొద్దీ అప్పలకొండ 1107లోనూ మొదటి సాయంత్రం ఒక హంసను చేసి పెట్టాడు. వెంటనే పైనుంచి తాఖీదు వచ్చింది: ప్రయాణికుడి సొంత జాతివారిని మెలిపెట్టి మెడ వంచి ఆయన కళ్లెదుట ఉంచడం అమానుషం. ఇకమీదట ఆ గదిలో అలంకరణలకు వేరే పదార్థం వాడాలి.

"రెండు పూటల్నుంచి ఆ గదిలో ఏటీ ఎట్టనేదమ్మా నాను. మార్కులు పోతన్నాయి. రేపు సివరి రోజు, రేపూ ఎట్టకపోతే వొచ్చే ఏడాది ఓడెక్కనివ్వరు," అన్నాడు అప్పలకొండ.

"మరి దేనితోని చేస్తవు?" అని గంగామణి అడిగింది.

అప్పలకొండ జేబులోంచి కాగితం తీసి చూపించాడు. తువ్వాళ్లకు మనుషులతో చేసిన హంసలు పెట్టవచ్చని అందులో స్పష్టంగా ఉంది. "జంట అంస సేద్దారనుకుంతన్నాను. ఎదురుబొదురుగా ఇద్దరు. పెళ్లిరోజులకి సేత్తాం కదా, అదే. సాయంత్రం కాదు, ఆయనగారు తెల్లారి లేసీసరికి కళ్లముందర ఉండాలంట. మీరు ఏటీ అనుకోకపోతే..."

"ఏడ పెడ్తవు మమ్ముల?"

"ఆయన సూపు పడేకాడ ఎట్టాల. ఆయన బాల్కనీలో కుర్సీ మీదే ఉంతారు కదా, ఆ ఎదురుగా."

మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అలంకరణ కుర్చిల కూసోవచ్చునా?" అని లింబాద్రి జాగ్రత్తగా అడిగాడు. ఇంకో తప్పు సంతకం పెట్టే ఓపిక ఆయనకు లేదు.

"అలంకరణ కూర్సున్నట్టు లెక్క కాదు బాబూ. ఎట్టినట్టు లెక్క."

నాలుగో రోజు చుక్క ఉండగానే అప్పలకొండ వాళ్లను సామాను లిఫ్టులో పదకొండో అంతస్తుకు తీసుకెళ్లాడు. 1107 తలుపు తట్టి, లోపల్నుంచి ఏ మాటా రాకపోవడంతో సేవల విషయంలో మౌనం అంగీకారమే కనుక తెరిచాడు. తువ్వాల మొదటి రోజు వాలిన కుర్చీలోనే ఉంది. నాలుగు రోజుల్లో కాస్త రంగు తేలి, అంచులు తీరి, మంచి కుటుంబంలోని తువ్వాలలా తయారైంది. లింబాద్రి తెలియకుండానే చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

గంగామణి ఇట్టే మడతపడింది. ముప్పై ఏళ్లు ఒక్క భంగిమలో కూర్చున్న ఒళ్లు. కాళ్లు లోపలికి, మోచేతులు పక్కలకు, మెడ కొద్దిగా వంపు అనగానే కుదిరిపోయింది. లింబాద్రితోనే కష్టమైంది. కండక్టర్లు నిలబడటానికి పుడతారు, మడతపడటానికి కాదు. మోకాళ్లు టకటకమన్నాయి. అప్పలకొండ ఓపికగా ఒక్కో కీలూ నొక్కుకుంటూ, ఇస్త్రీ చేసినట్టు సాపు చేస్తూ, చివరికి ఆయన్నీ హంసను చేశాడు. గంగామణిని రెండో కుర్చీలో సముద్రం వైపు ముఖం పెట్టి ఉంచాడు. లింబాద్రిని కమ్మీ పక్కన పీట మీద ఆమెకు ఎదురుగా ఉంచాడు. జంట హంస అంటే ఎదురెదురు ముఖాలే. కాబట్టి సముద్రం లింబాద్రి వీపు వెనక పడింది.

"నీకు కనవడదు గదా," అంది గంగామణి.

"నువ్వు చూడు. నాకు చెప్పు."

"అంసలు మాట్లాడకూడదమ్మా," అని అప్పలకొండ మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు ఆమె బుగ్గ మీద రంగు మారింది. తర్వాత నుదుటి మీద, ఆ తర్వాత తలలోని తెల్లవెంట్రుకల మీద. కాసేపటికి ఆమె కళ్లజోడు రెండు అద్దాల్లోనూ రెండు చిన్న ఎర్రటి సూర్యుళ్లు నీళ్లలోంచి తలెత్తాయి. లింబాద్రి కదలకుండా చూశాడు. గంగామణి నోరు కొంచెం తెరుచుకుంది. మెడ వంపు అలాగే ఉంచి, మడత చెదరకుండా, ఆమె నవ్వింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె ముఖాన్ని ఇంతసేపు ఎదురుగా చూడలేదు. ఎప్పుడు చూసినా ఆమె తల చాట మీదికి వంగి ఉండేది, ఆయన చూపు టికెట్ల మీద ఉండేది. ఆయనకు ఎంతో సంతోషమేసింది. ఈ గదిని తీసుకుని తువ్వాల మంచి పనే చేసిందనుకున్నాడు.

నలభై నిమిషాల తర్వాత వాళ్లను విప్పారు. తువ్వాల ఏ ఫిర్యాదూ చేయలేదు కాబట్టి సంతోషించినట్టు నమోదైంది, సంతోషించిన ప్రయాణికుడి ఖాతా నుంచి అలంకరణ సిబ్బందికి టిప్పు దానంతట అదే వెళ్లింది. నీరజ స్వయంగా వచ్చి కవరు ఇచ్చింది. ఆ డబ్బు తువ్వాల ఖాతాలోంచి వచ్చింది, తువ్వాల ఖాతా లింబాద్రి కార్డులోంచి వచ్చింది, మధ్యలో ఓడ తన సేవా రుసుము మినహాయించుకుంది. అయినా కవరు కవరే. లింబాద్రి రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. గంగామణి తువ్వాలవైపు తిరిగి దణ్నం పెట్టింది.

"సల్లగుండు అయ్యా," అంది.

విశాఖలో బాల్కనీ గదుల వాళ్లను ముందు దించారు. తువ్వాల దిగి ఒక కుర్చీలో రెండు గంటలు వేచి ఉంది, తర్వాత మూడో అంతస్తు వాళ్లు దిగారు. దాన్ని మళ్లీ భుజం మీద వేసుకోవడానికి లింబాద్రికి చెయ్యి రాలేదు. కెప్టెన్ పక్కన కూర్చున్నదాన్ని చెమట తుడుచుకోవడానికి వాడటమెలా? రైల్లో దానికి కింది బెర్తు ఇచ్చారు. నిజామాబాదు దాకా అది కుదుపు లేకుండా పడుకుంది.

అక్కడ ఆర్మూర్ బస్సు ఎక్కేసరికి కిటికీల్లోంచి పడ్డ దస్తీలతో సీట్లన్నీ నిండిపోయి, ఒకే ఒక్క ఇద్దరి సీటు మిగిలింది. కిటికీ పక్కన తువ్వాలను కూర్చోబెట్టారు, ఇవతల గంగామణి కూర్చుంది. లింబాద్రి రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు మిషను పట్టుకుని వచ్చాడు.

"ఎంతమంది?"

"ముగ్గురం. ఆర్మూర్."

"ఆడోళ్లకు ఫ్రీ గదా, అమ్మకు జీరో టికెట్. నీకొకటి. కిటికి పక్కకున్న సార్‌కు?"

"ఆయనకు ఫుల్లు కొట్టు."

కండక్టరు తలెత్తకుండా కొట్టి ఇచ్చాడు. లింబాద్రి ఆ పనితనం చూసి లోలోపల మెచ్చుకున్నాడు.

ఊరు దాటుతుండగా ఒక స్టేజీలో ఒక అమ్మాయి ఎక్కింది. చేతిలో సంచి, ఆస్పత్రి కాగితాలు. నిండు కడుపు. బస్సంతా ఒకసారి చూసి, ఎక్కడా ఖాళీ లేదని రాడ్డు పట్టుకుంది. సీట్లలోని దస్తీలు కదల్లేదు.

"ఎన్నో నెల బిడ్డా?" అని గంగామణి అడిగింది.

"ఎనిమిదమ్మా."

లింబాద్రి తువ్వాలవైపు చూశాడు. గంగామణి లింబాద్రివైపు చూసింది. ఆయన చెయ్యి కొంచెం కదిలింది కూడా. రాడ్డు మీద జానెడు ముందుకు జరిగి, మళ్లీ ఉన్నచోటికి వచ్చింది. గంగామణి లేచి నిలబడింది.

"కూసో బిడ్డా. నేను ఆర్మూర్‌లనే దిగుత."

అమ్మాయి దణ్నం పెట్టి కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంటుంటే చున్నీ అంచు తువ్వాలకు తగిలింది. "సారీ సార్," అని అంచును దగ్గరికి లాక్కుని, వీలైనంత ఇవతలికి సర్దుకుంది. లింబాద్రి పక్కన గంగామణి రాడ్డు పట్టుకుని నిలబడింది. ఇద్దరి మెడలూ హంసల్లాగే కొంచెం వంగి ఉన్నాయి. అలా ఉంటే కుదుపు తెలియదు.

"పొద్దు మంచిగ కనవడ్డది గదా," అంది గంగామణి.

"మంచిగ కనవడ్డది," అన్నాడు లింబాద్రి.

బస్సు ఆర్మూర్‌కు సమయానికే చేరింది.